నీడ ఒకచోట, బెంచీ ఒకచోట

మా ఇంటి దగ్గర పార్కులో ఒక ఇనుప బెంచీ ఉంది. నల్లరంగు వేసి, చేతులకు వంపులు పెట్టి ముచ్చటగా చేశారు. దాని మీద ఎవరూ కూర్చోరు. ఆరడుగుల అవతల పెద్ద చెట్టు నీడ పరుచుకుని ఉంటే, బెంచీ మాత్రం సాయంత్రం దాకా ఎండలో కాలుతూ ఉంటుంది. ఇక్కడ ఉంటున్న కొడుకులు, కూతుళ్ల దగ్గరికి వచ్చిన ముసలివాళ్లు ముగ్గురు నలుగురు రోజూ ఆ చెట్టు చుట్టూ కట్టిన అడుగెత్తు గట్టు మీద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. వాళ్లలో ఇద్దరికి ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఒకరు రావడం ఆలస్యమైతే రెండోవారు గేటు వైపే చూస్తూ ఉంటారు.

నగరంలో పచ్చదనం అనగానే అందరూ చెట్లు, ఎకరాలు లెక్కపెడతారు. నాకు ఆ గట్టు గుర్తొస్తుంది. పార్కులో మనిషి ఎంతసేపు హాయిగా ఉండగలడో చూసి దాని విలువ కట్టాలని నా వాదన.

చెట్టు కంటికి కనిపిస్తే చాలు, కొంత మేలు జరుగుతుందన్న మాట నిజమే. రోజర్ అల్రిచ్ 1984లో ప్రచురించిన పరిశోధన అందుకు పాత సాక్ష్యం. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయానికి ఆపరేషన్ జరిగిన 46 మంది రికార్డులను ఆయన పరిశీలించారు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవారు కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. అయితే అది మంచం మీద ఒంటరిగా పడుకున్న మనిషి సంగతి. ఇరుగుపొరుగు కలవాలంటే కిటికీ చాలదు, కిందికి దిగాలి.

షికాగోలో ఒకే నమూనాలో కట్టిన బహుళ అంతస్తుల పేదల ఇళ్ల సముదాయం ఒకటి ఉండేది. కొన్ని భవనాల ముందు చెట్లు, కొన్నింటి ముందు ఉత్త నేల. 1990లలో అక్కడ పరిశోధకులు గమనించింది ఇదీ: చెట్లున్న చోట జనం ఎక్కువగా బయటికి వచ్చేవారు, పొరుగువారితో వాళ్లకు పరిచయాలూ ఎక్కువే. నీడ ఉంటే నిలబడతారు, నిలబడితే పలకరించుకుంటారు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

ఫిలడెల్ఫియా నగరంలో పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు ఇంకా నచ్చుతుంది. 541 ఖాళీ స్థలాలు తీసుకుని కొన్నింటిలో చెత్త తీసేసి, గడ్డి పరిచి, కాసిని చెట్లు నాటారు. కొన్నింటిలో చెత్త మాత్రమే ఎత్తారు. మిగతావాటిని అలాగే వదిలేశారు. పచ్చబడిన స్థలాల పక్కన ఉండేవారిలో దిగులుగా ఉందని చెప్పినవారు 41.5 శాతం తగ్గారని 2018లో ప్రకటించారు. చెత్త ఎత్తి ఊరుకున్న చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పచ్చబరిచిన స్థలాల చుట్టూ వాళ్లు వేసిన కంచె కూడా గమనించదగ్గది. పొట్టి కర్ర కంచె, లోపలికి నడిచి వెళ్లడానికి మధ్యలో దారులు. తాళం లేదు.

ఇంటికి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు పచ్చని చోటు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం సూచించింది. మంచి సూచనే. కానీ ఆ 300 మీటర్ల మధ్యలో ఆరు వరుసల రోడ్డు ఉంటే, చేతికర్రతో నడిచేవారికి ఆ పార్కు పక్క ఊళ్లో ఉన్నట్టే. పార్కు బాగుపడగానే చుట్టుపక్కల అద్దెలు పెరిగి, ఎవరి కోసం చేశామో వాళ్లే వెళ్లిపోవలసి రావడం ఇంకో చిక్కు. దానికి మొక్కలు నాటేవాళ్ల దగ్గర మందు లేదు.

నా బెంచీ దగ్గరికి వస్తాను. విలియం వైట్ 1970లలో న్యూయార్క్ బహిరంగ స్థలాల్లో కెమెరాలు పెట్టి జనాన్ని గమనించారు. కూర్చోవడానికి వీలున్న చోటే జనం కూర్చుంటారని తేల్చారు. వినడానికి నవ్వొస్తుంది గానీ, చాలా పార్కులు ఆ మాట వినకుండానే కట్టినట్టుంటాయి. కదిలించగల కుర్చీలంటే ఆయనకు మక్కువ. కుర్చీ దొరికిన మనిషి కూర్చునే ముందు దాన్ని కాస్త అటో ఇటో జరుపుతాడట, ఒక్కోసారి ఏ అవసరమూ లేకుండానే.

మన తెలుగు సంఘం ఏడాదికోసారి పార్కులో షెడ్డు అద్దెకు తీసుకుంటుంది, ఫొటోలు దిగుతుంది, వచ్చేస్తుంది. పార్కుల మీద ప్రజాభిప్రాయం చెప్పమని పిలిచిన సమావేశాల్లో మాత్రం మనవాళ్లు కనిపించరు. రోజూ ఆ పార్కుల్లో కూర్చునేది మన అమ్మానాన్నలే అయినా వాళ్ల తరఫున మాట్లాడేవారు లేరు. కిందటి ఏడాది దాకా నేనూ వెళ్లలేదు.

ఈసారి వెళ్లాను. బెంచీని ఆరడుగులు జరపమని అడిగాను. పునాది కాంక్రీటుతో వేశామని, వచ్చే ఏడాది బడ్జెట్లో చూద్దామని చెప్పారు. పోయిన వారం ఎవరో పాత మడత కుర్చీ ఒకటి తెచ్చి ఆ చెట్టు కింద వదిలి వెళ్లారు. నిన్న సాయంత్రానికి అవి రెండయ్యాయి.