బోన్ల బాబాయికి రెండు నిమిషాల మౌనం

మా వైద్య కళాశాల నెలవారీ బులెటిన్ నా నెత్తిన పడడానికి కారణం నా నోరే. పదో తరగతిలో తెలుగు వ్యాసరచన పోటీలో మండలానికి రెండో బహుమతి కొట్టానని క్యాంటీన్‌లో ఎవరితోనో గొప్పలు పోయాను. టీ చల్లారేలోగా ఆ కబురు ప్రిన్సిపల్ మేడమ్ గదికి చేరింది. ఆవిడ ఎంబీబీఎస్‌లో నాకు పాఠాలు చెప్పిన మనిషి. "ఏవయ్యా, మందుల పేర్లు తప్ప నీకేమీ రావనుకున్నాను. ఈ నెల నుంచి బులెటిన్ నువ్వే చూసుకో" అన్నారు. ఫార్మకాలజీ అసిస్టెంట్ ప్రొఫెసరుకు పనేమీ ఉండదన్న అపోహ నేను ఉద్యోగంలో చేరకముందు నుంచే మా కళాశాలలో ఉంది.

బులెటిన్ అంటే నాలుగు పేజీలు. మొదటి పేజీ ప్రిన్సిపల్ సందేశం, ఫొటో. రెండోది సిబ్బంది విశేషాలు: ఎవరు బదిలీ అయ్యారు, ఎవరికి ప్రమోషనొచ్చింది, ఎవరు రిటైరయ్యారు, ఎవరి పిల్లకు పీజీ సీటొచ్చింది. మూడోది పరిశోధన. నాలుగో పేజీలో రక్తదాన శిబిరం. ఆ ఫొటో ప్రతి నెలా ఒకటే. బ్యానరు మీది తేదీ మాత్రం కనపడకుండా కత్తిరిస్తాం.

"ఈమధ్య అచ్చయిన పేపర్లేమైనా ఉంటే పంపగలరు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మామూలుగా ఆ గ్రూపులో ఏమడిగినా నమస్కారం బొమ్మ ఒకటి వచ్చి పడుతుంది, అంతే. ఈసారి రెండు రోజుల్లో పంతొమ్మిది పేపర్లు వచ్చాయి. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం పై మెట్టు ఎక్కాలంటే పేపర్లు చూపించాలి. రచయితల వరసలో పేరు ఎక్కడుందో కూడా చూస్తారు. అందుకని పేపర్లో ఏముందో ఎవరూ చెప్పలేదు, ఎవరి పేరు ముందు రావాలో మాత్రం అందరూ చెప్పారు. బయోకెమిస్ట్రీ ప్రొఫెసరుగారి పేరు పొరపాటున రెండోది వేస్తే ఆయన ప్రూఫు పట్టుకుని మా ల్యాబుకే వచ్చేశారు.

"రెండో పేరు సంగతి నాకు చెప్పకండి. 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చెప్పిన ఇద్దర్లో ఒకరు మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు. పుస్తకాల్లో ఏమని ఉంది? ఫిస్కే–సుబ్బారావు పద్ధతి! నూరేళ్లయినా ఆయన ఫిస్కే వెనకాలే ఉన్నాడు. నన్నూ అక్కడే నిలబెడతారా?"

నిలబెట్టలేదు. ముందుకు జరిపాను.

ఇక మిగిలింది తెలుగు. రోగుల బంధువులు కూడా చదివేలా పరిశోధనను తేట తెలుగులో చెప్పాలని మేడమ్ ఆజ్ఞ. జనరల్ మెడిసిన్ వాళ్ల పేపరొకటి డబుల్ బ్లైండ్ పద్ధతిలో చేసింది. దాన్ని 'జంట అంధ అధ్యయనం' అంటే కంటి విభాగం వాళ్లు మాది అంటారేమోనని భయపడి, "ఈ అధ్యయనంలో ఇస్తున్న మందేమిటో డాక్టరుకూ తెలియదు, రోగికీ తెలియదు" అని సులువుగా రాశాను. మర్నాడు ఓపీలో ఒక పెద్దాయన మందుల చీటీ పక్కన బులెటిన్ పెట్టి, "మందేదో మీకే తెలీదని మీరే అచ్చేయించుకున్నారు గదా, మరి నేనేం నమ్మి మింగాలి?" అని నిలదీశాడట. తెలియకపోవడమే అందులో గొప్ప అని, తెలిస్తే మన ఇష్టాయిష్టాలు ఫలితంలో కలుస్తాయని సూపరింటెండెంటుగారు అరగంట నచ్చజెప్పారు. పెద్దాయన అంతా విని, "అయితే నన్ను తెలిసిన డాక్టరు దగ్గరికి పంపండి" అన్నాడట.

ఇదే పెద్ద పొరపాటనుకుని ఆ రాత్రి అన్నం సహించలేదు నాకు. అసలుది రెండో పేజీలో ఉందని అప్పటికి తెలియదు.

బోన్ల బాబాయి అనాటమీ అటెండరు. ఆయన అసలు పేరు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వాడినట్టు లేదు. మొదటి సంవత్సరం పిల్లలకు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఎముకల సెట్లు అరువిచ్చేది ఆయనే కనక బోన్ల బాబాయి. ముప్పై ఆరేళ్లు, శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసనలో బతికాడు. జలుబు చేసినా ముక్కు పట్టేయదని చెప్పుకునేవాడు. నా వైవాలో ఎగ్జామినరు తొడ ఎముక చేతికిచ్చి "కుడిదా, ఎడమదా?" అన్నప్పుడు నాకు ముచ్చెమటలు పోశాయి. తలుపు దగ్గర నిలబడ్డ బాబాయి తీరిగ్గా తన కుడి తొడ గోక్కున్నాడు. నేను డాక్టరునయ్యాను.

ఆయనకు జీవితంలో తీరని కోరిక ఒకటే. డిసెక్షన్ హాల్లో మూడో నంబరు టేబులు మీద ఫ్యాను తిరగదు. ఆ టేబులు పిల్లలు చెమటతో, ఫార్మలిన్ మంటతో ఏడుస్తుంటే చూడలేక ఎలక్ట్రికల్ వాళ్లకు ఏటా లెటరు పెట్టించేవాడు. అందులో రెండు నేను విద్యార్థిగా ఉన్నప్పుడు రాసిచ్చినవే. ఇప్పటికీ అది తిరగడం లేదు.

అలాంటి మనిషి రిటైరైతే ఒక్క వాక్యంతో సరిపెడతానా? అది ఆగస్టు సంచిక. పరిశోధన పేజీలో రోనాల్డ్ రాస్ గురించి చిన్న పెట్టె వేశాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. ఆ దోమలకు తన రక్తం తాగించిన రోగి హుసేన్ ఖాన్‌కు ముట్టింది కుట్టిన దోమకో అణా. అది రాస్తుంటే మా బాబాయే గుర్తొచ్చాడు. ముప్పై ఆరేళ్లలో మా అనాటమీ వాళ్ల పేపర్లన్నీ ఆయన తోడిన ట్యాంకుల్లోంచి వచ్చినవే. ఒక్కదాని చివరైనా కృతజ్ఞతల్లో ఆయన పేరు లేదు. అందుకని మనసుపెట్టి ఎనిమిది వాక్యాలు రాశాను. దాని కింద ఇంకో వార్త: ఒక రిటైర్డు టీచరుగారి కుటుంబం ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని మా అనాటమీ విభాగానికి అప్పగించింది, విద్యార్థులు మౌనం పాటించారు.

రెండూ తీసుకెళ్లి డీటీపీ కుర్రాడికిచ్చాను. అతని చేతిలో ఆ రోజు మూడు పెళ్లికార్డులు, ఒక పెద్దకర్మ కార్డు ఉన్నాయి. రెండో పేజీలో చోటు చాలలేదు. నన్ను అడగడానికి మొహమాటపడ్డాడు. ఫలితం ఇలా అచ్చయింది:

"అనాటమీ విభాగంలో 36 ఏళ్లు సేవలందించిన బోన్ల బాబాయి తన భౌతికకాయాన్ని అదే విభాగానికి అప్పగించారు. ఈ సందర్భంగా ప్రిన్సిపల్ ఆయనకు శాలువా కప్పి, జ్ఞాపిక అందజేసి, రెండు నిమిషాలు మౌనం పాటించారు. అనంతరం అందరూ విందారగించారు."

పక్కన సన్మానం నాటి ఫొటో. మెడలో బంతిపూల దండ. చోటు చాలలేదు కదా, భుజాల దాకా కత్తిరించాడు. మనిషికి దండ వేసి భుజాల దాకా కత్తిరిస్తే ఏమవుతుందో మన గోడల మీద చూస్తూనే ఉన్నాం.

ఇంత ఘోరం జరిగితే మూడు రోజులు కళాశాలలో ఒక్కరూ గమనించలేదు. అందరూ బులెటిన్ చదివారు, కాకపోతే ఎవరి పేరు వాళ్లు చదువుకున్నారు. మేడమ్ తన ఫొటో చూసుకున్నారు. ఒక ప్రొఫెసరు తన పేరు ముందు 'డా.' పక్కన చుక్క పడలేదని ఫోన్ చేశారు. గమనించింది పూర్వ విద్యార్థులు. ఎవరో పీడీఎఫ్ వాళ్ల గ్రూపులో వేశారు. గంటలో రెండు వందల 'ఓం శాంతి'లు. డల్లాస్ నుంచి ఒకాయన, తను సప్లిమెంటరీ తప్పించుకున్నది బాబాయి తొడ గోక్కోవడం వల్లనేనని కన్నీటితో రాశాడు. దాని కింద నలభై మంది "నేనూ" అన్నారు. మా కళాశాల ఉత్తీర్ణత శాతం వెనక ఉన్న అసలు శక్తి ఏమిటో ఆ రోజు బయటపడింది. సాయంత్రానికి ఆయన పేరిట స్మారక బంగారు పతకానికి చందాలు కూడా మొదలయ్యాయి.

ఆ డల్లాస్ డాక్టరుగారే, కుటుంబాన్ని ఓదార్చాలని బాబాయి పాత నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. "అమ్మా, బాబాయి ఇక లేరని తెలిసింది..." అని గద్గదంగా మొదలుపెడితే, అవతల నుంచి, "ఎవులు బాబూ మీరు? నాను బాబాయినే. సెప్పండి" అని వినపడింది. అమెరికాలో అప్పుడు అర్ధరాత్రి. ఆయన ఆ రాత్రి లైట్లార్పలేదట.

నవ్వుకుని వదిలేసే వ్యవహారమే. కానీ బులెటిన్‌ను మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివే మనిషి ఒకరున్నారు, పెన్షన్ సెక్షన్ సీనియర్ అసిస్టెంటు. బాబాయి పెన్షన్ కాగితాలు ఆయన బల్ల మీదే ఉన్నాయి. వాటి మీద ఎర్ర సిరాతో "ఉద్యోగి మరణించినట్లు తెలియవచ్చినందున, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి ఫ్యామిలీ పెన్షనుకు దరఖాస్తు చేయవలెను" అని రాసి తిప్పి పంపేశారు. బాబాయి బస్సెక్కి వచ్చి ఆ బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏటి బాబూ ఇది? నాను బతికే ఉన్నాను గదా!"

"నాకు కనిపిస్తున్నావయ్యా. ఫైలుకు కనిపించాలి."

"ఫోన్లో మొహం సూపించి కళ్లార్పితే సాలంట గదా?"

"అది జీవన్ ప్రమాణ్. దానికి పీపీఓ నంబరు, అదే పెన్షన్ ఆర్డరు నంబరు, కావాలి. నంబరు రావాలంటే ఫైలు కదలాలి. ఫైలు కదలాలంటే నువ్వు బతికుండాలి."

బాబాయి నా దగ్గరికి వచ్చి ఇదంతా చెబుతుంటే ఆయన మొహంలో కోపం లేదు. అదే నన్ను చంపేసింది. "పోనీలెండి బాబూ, దండేసిన ఫొటో బాగా ఒచ్చింది" అన్నాడు.

ఇక ఇంత పెద్ద ఆసుపత్రిలో ఒక మనిషి బతికున్నాడని రాసిచ్చే డాక్టరు కోసం బయల్దేరాం. జనరల్ మెడిసిన్ వాళ్లు నాడి పట్టి, బీపీ చూసి, ఈసీజీ తీసి, "పరీక్షించిన సమయానికి" అని షరతు పెట్టి రాశారు. ఫోరెన్సిక్ ప్రొఫెసరు మాత్రం, "బతికున్నవాళ్ల గురించి నేను సంతకం పెడితే రేపు కోర్టులో నన్నే అడుగుతారు" అని తప్పుకున్నారు. సైకియాట్రీ వాళ్లు ఎవరూ అడక్కుండానే ఒక కాగితం ఇచ్చారు: "తాను బతికే ఉన్నానని వీరు దృఢంగా విశ్వసిస్తున్నారు." సీనియర్ అసిస్టెంటుగారు అన్నీ చదివి, "ఇవన్నీ బాగున్నాయి. కానీ చనిపోయినట్టు అచ్చేసింది మీ బులెటిన్. బతికినట్టు కూడా అదే అచ్చేయాలి" అన్నారు.

సవరణ రాయడానికి ముగ్గురితో కమిటీ వేశారు మేడమ్. జర్నళ్లలో తప్పు చిన్నదైతే సవరణ, పెద్దదైతే పేపరునే ఉపసంహరిస్తారు, ఇది ఏ కోవకొస్తుందని బయోకెమిస్ట్రీ ప్రొఫెసరుగారు గంటసేపు మాట్లాడారు. "మరణాన్ని ఉపసంహరించుకుంటున్నాం" అని ఆయన, "మరణం పొరపాటున జరిగింది" అని ఇంకొకరు. చివరికి "బోన్ల బాబాయి ఆరోగ్యంగా ఉన్నారు. విందు మాత్రం నిజమే" అని నేనే రాసేశాను. డీటీపీ షాపులో కుర్రాడి పక్కనే స్టూలు వేసుక్కూర్చుని, ప్లేటు అయ్యేదాకా లేవలేదు. ఫైలు కదిలింది. బంగారు పతకం చందాలు వెనక్కివ్వాలా అని పూర్వ విద్యార్థులు ఇంకా చర్చించుకుంటున్నారు. "ఎప్పటికైనా అవసరమే కదా, ఉండనివ్వండి" అని ఒకాయన రాస్తే దానికి ఎవరూ బొమ్మ పెట్టలేదు.

మొన్న బాబాయి మొదటి పెన్షను తీసుకుని స్వీట్ల పొట్లంతో వచ్చాడు. కాసేపు కూర్చుని, మెల్లిగా దేహదానం ఫారం ఉంటే ఇమ్మన్నాడు.

"అదేంటి బాబాయ్, ఆ బులెటిన్ మాట పట్టించుకుంటారా?"

"అచ్చులో పడ్డ మాట అబద్ధం కాకూడదు గదా బాబూ. మీకు మాట రాకూడదు. మా ఇంటిదానికి సెప్పాను. బతికుండగా ఇంట్లో పుల్ల తీసి ఇటు పెట్టలేదు, పోయాకైనా పిల్లలకు అక్కరకొస్తాడులే అనీసింది."

ఫారం తెచ్చిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో గడీ వేలు పెట్టి చదివి, సంతకం చేశాడు. తిరిగి ఇవ్వబోతూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"షరతులు రాయడానికి జాగా లేదేటి బాబూ ఇందులో?"

"ఏం షరతు?"

"మూడో నంబరు టేబులు మీద మాత్రం ఎయ్యకండి. అక్కడ ఫ్యాను తిరగదు."