చచ్చిన చెట్టుని పెరట్లో ఉంచకండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఏ ఊరు వెళ్లినా తల ఊడిన కొబ్బరి మోడు ఏదో ఒక పెరట్లో కనిపిస్తోంది. ఎందుకు తీయలేదని అడిగితే "ఉండనీ బాబూ, దాని పాటికదే పడిపోద్ది" అంటారు. ఈ మాట వింటే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. ఆ మోడు దాని పాటికది ఉండదు, పక్క చెట్లని కూడా తీసుకుపోతుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన చెట్లని పడగొట్టింది. ఆ దుంగలు ఎన్నో తోటల్లోనే కుళ్లాయి. కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది అలాంటి కుళ్లిన మానులోనే, లేదంటే పెంటపోగులో. రెక్కలొచ్చాక రాత్రిపూట ఎగిరి పచ్చని చెట్టు మొవ్వులో దూరుతుంది. కొత్త మట్ట విచ్చుకునేసరికి ఆకులు కత్తెరతో వరసగా కోసినట్టు ఉంటాయి. ఆ గాయం వాసన పట్టుకుని ఎర్రముక్కు పురుగు వస్తుంది. ఇది మరీ ఘోరం. లోపలంతా తినేస్తున్నా చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది. మానుకి చెవి ఆనిస్తే కొరుకుతున్న చప్పుడు, కన్నాల్లోంచి ఎర్రటి జిగురు, పులిసిన వాసన. మొవ్వు వాలిపోయాక ఇక చేసేదేమీ లేదు.

జీడిమామిడికీ ఇదే గతి, దాన్ని తినేది కాండం తొలిచే పురుగు. చెట్టు మొదలు దగ్గర బంక, పురుగు కొరికిన పొట్టు కనిపించిన రోజే బెరడు చెక్కి పురుగుని తీసి చంపి వేపనూనె పూస్తే చెట్టు బతకొచ్చు. ఆకులన్నీ పండుబారాక మందు కొట్టడం డబ్బు దండగ. అలా చచ్చిన జీడిని కొట్టి, దుంగలు దుంగలుగానే గోడవారన పేర్చేస్తున్నారు. లోపలున్న పురుగు రెక్కలొచ్చి మళ్లీ మన తోటకే వస్తుంది కదా!

అందుకే కొట్టిన వెంటనే పేళ్లు చేయించండి. జీడి, మామిడి పేళ్లు ఎండలో ఆరితే మంట బాగా వస్తుంది. పచ్చివి పొయ్యిలో పెడితే పొగంతా ఇంట్లో ఆడవాళ్ల కళ్లలోకే. కొబ్బరి మానులో బయటి గట్టి భాగం వాసాలకి పనికొస్తుంది, లోపలి మెత్తనిది బాగా ఎండితేనే వేన్నీళ్ల పొయ్యికి. పురుగు పట్టిన మొవ్వుని మాత్రం ఆ రోజే కాల్చేయాలి. గ్యాస్ ఉంది కదా, కర్రలెందుకని కొందరంటారు. మన పెళ్లి వంటలు ఇప్పటికీ దేని మీద అవుతున్నాయో చూడండి.

మొదలు దగ్గర జిగురు కారి చచ్చిన కొబ్బరైతే గానోడెర్మా అనే బూజు తెగులేమో చూసుకోండి. అది మట్టిలో, వేళ్ల ద్వారా పాకుతుంది. కర్ర వాడుకున్నా మొదలు, వేళ్లు తవ్వి తగలబెట్టాల్సిందే. తెగులు చెట్టు చుట్టూ కందకం తీసి, మిగిలిన చెట్లకి ఒక్కోదానికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మంచి బూజు) కలిపి వేయండి.

కోత కూలి భారమేనని నాకూ తెలుసు. కర్రల వ్యాపారి ఇచ్చేది ఆ కూలికే చాలదు. అందుకే తెగులు చెట్లు తీయించడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఎకరాల తోటలకే కాదు, పెరట్లో రెండు చెట్లున్న ముసలమ్మకీ అందాలని గట్టిగా అడుగుతున్నాను. అది వచ్చేదాకా వీధిలో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే రోజు మనుషుల్ని పిలిపించుకోండి, ఖర్చు తగ్గుతుంది. వానలు పడకముందే ఈ పని అయిపోవాలి.