వేట సీజన్ పంచాంగంలో లేదు, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్కులో ఉంది

వానలు వెనక్కి తగ్గాయి, వరి పొట్ట మీద ఉంది. ఇంకో నెల తిరిగేలోపు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ తాలూకాలో రెండు రకాల ప్లాన్లు నడుస్తాయి. ఒకటి అందరి ముందూ మాట్లాడుకునేది: మిర్చికి పెట్టుబడి ఎవరిస్తారు, కూలీలు ఎక్కడి నుంచి రావాలి అని. రెండోది టీ హోటల్ బల్ల మీద గొంతు తగ్గించి మాట్లాడేది. ఈసారి ఎవరి చేను వైపు, తీగ ఎవరి దగ్గర ఉంది, అమాస ఎప్పుడు? చిన్నప్పటి నుంచీ ఈ మాటలు వింటూనే పెరిగాను కాబట్టి కొత్తేమీ కాదు, కాకపోతే ఒకప్పుడు ఆ మాటల్లో కుక్కలూ వలలూ ఉండేవి, ఇప్పుడు అడవి జంతువులను కరెంటుతో చంపే వైరు కట్టలు ఉన్నాయి.

వేట అనగానే బయటివాళ్లకు విల్లంబులు పట్టుకున్న మాడియా ఆదివాసీ కుర్రాడే కనిపిస్తాడు. అధికారులదీ అదే చూపు. ఎండాకాలంలో మాడియాలు వేటకు పోయే విత్తనాల పండుగ దగ్గర పడుతుందంటే జీపులు తిరుగుతాయి, బోర్డులు పాతుతారు. మాడియా, తెలుగు తప్ప ఇంకో మాట వినపడని ఒక ఊళ్లో వేట నేరమని మరాఠీలో మాత్రమే రాసిన బోర్డు చూశాను, దాని మీద ఎవరో చొక్కా ఆరేశారు.

పండుగ వేటను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అందులోనూ దుప్పి చస్తుంది, కుందేలు చస్తుంది. కానీ దానికో లెక్క ఉంది. పగలు పోతారు, నలుగురికీ తెలిసేలా పోతారు, దొరికింది ఊరంతా పంచుకుంటారు. మా పక్క ఊరి పెద్దాయన ఒకసారి వాటాలెలా వేస్తారో చెబుతూ, "బాణమేసినోనికి ఒకటి, ఎదురుపోయినోనికి ఒకటి, కుక్కకు కూడ ఒకటి" అన్నాడు. ఈ మధ్య ఆ ఊళ్లో ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఏళ్లే ఎక్కువట, ఆడవాళ్ల ఎగతాళి మాత్రం ఏటా తప్పడం లేదని నవ్వాడు.

అసలు సీజన్ వరి పాలు పోసుకునే రోజుల్లో మొదలై, మిర్చి చేతికొచ్చే దాకా నడుస్తుంది. రెండేళ్ల కిందట మా చిన్నమామ చేను గట్టున పొద్దున్నే చూశాను: మోకాలి ఎత్తు వెదురు పుల్లలు, ఒక్కో పుల్ల చివర బీరు సీసా మెడ, వాటి మీదుగా సన్నటి ఇనప తీగ, అది పోయి పోయి అడవి అంచున ఉన్న 11 కేవీ కరెంటు లైను వైపు. తీగ పెట్టినవాళ్లు తెల్లారకముందే తీసేయాలి, ఎందుకో తీయలేదు. మామ ఎద్దు వాళ్లకంటే ముందే లేచింది. ఎక్కడా దెబ్బ లేదు, రక్తం లేదు, గిట్టల మధ్య గడ్డి మాత్రం నల్లగా మాడింది. తీగ ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు, మామకూ తెలుసు. కేసు పెడితే తన చేనులో తీగ ఎందుకుందని ముందు తననే అడుగుతారని నోరు మూసుకున్నాడు.

దీన్నీ వేటే అంటున్నారు, నాకైతే ఆ మాట వాడబుద్ధి కాదు. వేటగాడు కనీసం జంతువును చూస్తాడు. తీగ పెట్టినవాడు ఇంట్లో పడుకుంటాడు, రాత్రి ఆ దారిన వచ్చింది పందా, చూడి దుప్పా, పులా, పక్కింటివాడా అన్నది అతనికి తెల్లారాకే తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో నదికి అవతల తెలంగాణలోని భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ఇలాంటి తీగ తగిలే చనిపోయాడు. మావోయిస్టుల మందుపాతరల కోసం కళ్లు పెట్టుకుని నడిచే మనిషిని పంది కోసం కట్టిన వైరు చంపింది.

చట్టం సంగతి చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ కింద వేట నేరం. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక మామూలు నేరాలకు జరిమానా పరిమితి 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. పులి లాంటి మొదటి షెడ్యూల్ జంతువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది, పంట పాడుచేస్తే అధికారి రాతపూర్వక అనుమతితో చంపే దారి 11వ సెక్షన్‌లో ఉంది. దారి ఉందన్న మాటే గానీ ఆ కాగితం చేతికొచ్చేలోపు పంది ఎకరం మొక్కజొన్న పడగొట్టి, పక్క ఎకరంలోకి పోతుంది. నష్టపరిహారానికీ అదే కథ. నేనూ ఒకసారి అప్లికేషన్ పెట్టాను, పంచనామాకు వచ్చిన మనిషి ఎండిపోయిన దంట్లు చూసి, పంది ఏదని అడిగాడు. ఇలాంటి రైతును కూర్చోబెట్టి వన్యప్రాణులను ప్రేమించమని క్లాసు పీకితే వింటాడా?

2006 అటవీ హక్కుల చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఆదివాసీలు తరతరాలుగా అనుభవిస్తున్న సంప్రదాయ హక్కులన్నీ గుర్తిస్తామంటూనే, వేటను మాత్రం పేరు పెట్టి పక్కన పెట్టారు. అది సరైనదే అనుకుంటాను. అయితే అదే చట్టం అయిదో సెక్షన్ వన్యప్రాణులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మా గడ్చిరోలి జిల్లాలోనే మెండా లేఖ ఊరికి 2009లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి, తర్వాత వెదురు అమ్ముకునే హక్కూ సాధించుకున్నారు. వెదురు లెక్క చూసుకోగలిగిన సభ తీగ లెక్క చూసుకోలేదా? ఊళ్లో తీగ కట్ట ఎవరింటి అటక మీద ఉందో రేంజర్‌కు తెలియదు, సభలో కూర్చున్న పాతిక మందికి తెలుసు. తెలిసినా ఎవరూ నోరు విప్పరు, ఎందుకంటే పొద్దున్నే కూర ఆ పాతిక ఇళ్లకూ వస్తుంది.

అన్ని ఇళ్లకూ రావడం కూడా తగ్గిపోయింది లెండి. ఇప్పుడు మంచి ముక్కలు బైకు డిక్కీలోకి పోతున్నాయి. తాలూకా టౌనులో కొనేవాళ్లున్నారు, వంతెన దాటితే అటు కూడా ఉన్నారు. వాళ్లెవరూ ఆకలికి కొనడం లేదు, 'ఒరిజినల్' దొరికిందని స్టేటస్ కోసం కొంటున్నారు. కాలేజీ రోజుల్లో ఒక పెళ్లిలో నేనూ తిన్నాను, ఏ మాంసమో తెలిసే తిన్నాను. అందుకే ఈ వేట పాపమంతా మాడియా కుర్రాడి విల్లు మీద వేసేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. విల్లు పట్టినవాడికి ఫ్రిజ్ లేదు, వారం రోజులు దాచుకోవలసిన అవసరమూ లేదు.

పట్టుకోవాలనుంటే దారి కష్టమేమీ కాదు. జంతువు తగలగానే కరెంటు దాని ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది, నేల తడిగా ఉంటే ఇంకా బాగా దిగుతుంది. సబ్‌స్టేషన్‌లో రిలే అనే పరికరం అది పసిగడితే ఫీడర్, అంటే అటు పోయే లైను, ట్రిప్పయి ఆగిపోతుంది, ఆపరేటర్ టైము రాసుకుని మళ్లీ లైనుకు కరెంటు ఇస్తాడు. ప్రతిసారీ ట్రిప్ కాదు, పొడి నేల మీద అయితే తెలియకుండానే పోవచ్చు. అయినా అడవి అంచున పోయే ఫీడర్‌లో రాత్రి ఒంటిగంటకూ మూడింటికీ మధ్య పడే ట్రిప్పులను నెలవారీగా ఒక కాగితం మీద పెడితే వేటగాళ్ల ప్లాను మొత్తం కనిపిస్తుంది, ఏ ఊరి వైపో కూడా. ఆ కాగితాన్ని పొద్దున్నే ఫోన్‌లో ఫారెస్టు గార్డుకు పంపడానికి ప్రత్యేకంగా బడ్జెట్ అక్కర్లేదు. ఒక శాఖ ఇంకో శాఖతో మాట్లాడితే చాలు, మన దగ్గర అదే పెద్ద పని.

నాకు తెలిసిన ఆపరేటర్ ఒకతను ఉన్నాడు, ఏ సబ్‌స్టేషన్ అన్నది వద్దు. పోయిన సీజన్ లాగ్‌బుక్కు ఒకసారి చూపించాడు. ట్రిప్పు పడిన ప్రతి రాత్రికీ ఎదురుగా కారణం రాసే గడి ఉంది. అన్నిట్లోనూ ఒకటే మాట: గాలి. "కార్తీకంలో అంత గాలి ఎక్కడిదిరా?" అన్నాను. పుస్తకం మూసి, టీ తాగుదాం పద అన్నాడు.