సవరణ: అమెరికా వేసవి భోజనాల నిబంధనలు

అమెరికాలో బడులు మూసి ఉండే వేసవిలో పిల్లలకు ఉచితంగా ఇచ్చే భోజనాన్ని ఎక్కడైనా ఇంటికి పట్టుకెళ్లవచ్చని గత వారం రాశాను; అది పొరపాటు. 2023లో వచ్చిన ఆ వెసులుబాటు, అందరూ కలిసి కూర్చుని తినే కేంద్రం అందుబాటులో లేని గ్రామీణ ప్రాంతాలకే వర్తిస్తుంది. పట్టణాల్లో గ్రంథాలయాలు, చర్చిలు, పార్కుల్లో నడిచే కేంద్రాల్లో మామూలుగా అక్కడే తినాలి. ఆదాయ ధ్రువపత్రం అడుగుతారన్నదీ తప్పే: కనీసం సగం మంది పిల్లలు తక్కువ ఆదాయ కుటుంబాలవారైన ప్రాంతంలో తెరిచే బహిరంగ కేంద్రానికి 18 ఏళ్ల వరకు వయసున్నవారు ఎవరు వచ్చినా దరఖాస్తు లేకుండానే వడ్డిస్తారు. వెంట వచ్చిన తల్లి భోజనానికి మాత్రం ఆ పథకం డబ్బు చెల్లించదు, ఇది నాకు ఇప్పటికీ కొరుకుడు పడని సంగతి. అర్హత ఉన్న ఒక్కో విద్యార్థికి వేసవిలో 120 డాలర్లు ఇస్తూ 2024లో మొదలైనది వేరే పథకం. అందులో చేరని రాష్ట్రాలూ ఉన్నాయి.