ఉపన్యాసానికీ ఒక యాక్సెషన్ నంబరు

కొన్ని నెలల కిందట ఒక ప్రజా గ్రంథాలయం అంతర్జాలంలో ఉంచిన చరిత్ర ఉపన్యాసం విన్నాను. విషయం, కరువు కాలంలో ధాన్యం వ్యాపారం. వక్త విషయాన్ని ఆమూలాగ్రం ఎరిగినవారు కావడంతో గంట ఇట్టే గడిచిపోయింది. ప్రసంగం ముగిశాక వెనక వరుసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. ఆయన దగ్గరికి మైకు చేరలేదు. రెండు నిమిషాల పాటు ఏదో చెప్పారు. రికార్డింగులో కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరిదో దగ్గు, వాటి అడుగున ఒక మసక గొంతు, అంతే. వెంటనే వక్త గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది: "అలాగా! ఈ సంగతి నాకు తెలియదు. ఆ చిట్టా పుస్తకం మీ ఇంట్లో ఇంకా ఉందా?" పెద్దాయన ఏదో జవాబు చెప్పారు. అదీ వినిపించలేదు. చప్పట్లతో వీడియో అయిపోయింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రెండు నిమిషాలను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో లెక్క లేదు. "మా తాత" అన్న మాట ఒక్కటే చెవికి చిక్కింది. వీడియో కింద వక్త పేరు, 'చరిత్ర ప్రసంగం' అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేవు. సభ ఎప్పుడు జరిగిందో, వక్త ప్రస్తావించిన దస్తావేజులు ఏవో తెలుసుకునే దారి లేదు. ఒక చరిత్రకారుడికి తెలియని విషయం ఆ గదిలో బయటపడింది. దాన్ని భద్రపరచడానికే పెట్టిన యంత్రం ఎదుటనే అది జారిపోయింది.

గ్రంథాలయాలు ఇప్పుడు రచయితల ప్రసంగాలను, చరిత్ర ఉపన్యాసాలను విరివిగా రికార్డు చేస్తున్నాయి. సంతోషించదగ్గ మార్పే. అయితే చాలా చోట్ల వాటిని సభా కార్యక్రమంలో భాగంగా చూస్తున్నారు తప్ప గ్రంథాలయ సంపదగా లెక్కించడం లేదు. పాతిక పేజీల చిన్న పుస్తకం వచ్చినా దాన్ని యాక్సెషన్ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి చేరిన ప్రతి పుస్తకాన్నీ వరుసగా నమోదు చేసే పుస్తకంలో ఎక్కిస్తారు, నంబరు వేస్తారు, ముద్ర కొడతారు, విషయాన్ని బట్టి వర్గీకరించి బీరువాలో పెడతారు. ఒక పండితుడు ముప్పై ఏళ్ల పరిశోధనను గంటన్నరలో విప్పి చెబితే ఆ ఫైలు ఎవరి ఫోనులోనో, ఏ వీడియో వేదిక మీదో ఉండిపోతుంది. గ్రంథాలయ కేటలాగులో వెతికితే దొరకదు. కేటలాగులో లేని పుస్తకం గ్రంథాలయంలో లేనట్టేనని ఆ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. రికార్డింగుకూ అదే సూత్రం వర్తించాలన్నది నా వాదన.

పుస్తకం ఉండగా గొంతు ఎందుకని అడిగేవారున్నారు. ఆంగ్ల నవలా రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ వ్యాసాలు, ఉత్తరాలు, డైరీలు సంపుటాల కొద్దీ ఉన్నాయి. ఆమె గొంతు మాత్రం 1937 ఏప్రిల్‌లో బీబీసీలో చేసిన ప్రసంగంలోంచి మిగిలిన ఎనిమిది నిమిషాల ముక్కలోనే ఉంది. ఎక్కడ ఆగింది, ఏ మాటను ఒత్తి పలికింది, వాక్యాన్ని ఎంత తీరికగా ముగించింది అన్నవి అచ్చులో కనిపించవు. ఇంకా పాత ఉదాహరణ ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్‌ది. 1889లో, తాను చనిపోయిన సంవత్సరంలోనే, గొంతును మైనపు గొట్టం మీద నమోదు చేసే ఎడిసన్ యంత్రం ముందు తన పద్యం చదవబోయి మధ్యలో మరిచిపోయాడు. తన పద్యమే తనకు గుర్తు రానందుకు చింతిస్తున్నానని ఆ మైనపు గొట్టంలోకే చెప్పాడు. ఈనాడైతే అక్కడ కత్తెర పడి ఉండేది. ఆ తడబాటు ఉండబట్టే ఆ గొట్టంలో ఒక మనిషి ఉన్నాడు.

చరిత్ర ఉపన్యాసాల విషయంలో ఇది మరీ ముఖ్యం. అచ్చయిన పుస్తకంలో చరిత్రకారుడు తేల్చిన నిర్ణయం ఉంటుంది. ఉపన్యాసంలో అతడు దాని దగ్గరికి వెళ్లిన దారి కూడా వినిపిస్తుంది. ఏ కట్టలో ఏ కాగితం దొరికింది, ఏ తేదీ దగ్గర అనుమానం వచ్చింది, ఏ మాట చెప్పడానికి సాక్ష్యం చాలక వదిలేశాడు అన్నవి వేదిక మీద మాటల్లో దొర్లుతాయి. "ఇది నేను ఎక్కడా రాయలేదు కానీ" అని వక్త మొదలుపెట్టాడంటే చెవులు రిక్కించుకోవలసిన చోటు అదే. శ్రోతల ప్రశ్నలు ఆ తర్వాతి మెట్టు. పుస్తకంలో పాఠకుడికి నోరు లేదు, సభలో ఉంది. ప్రశ్నోత్తరాలను కోసేసి ప్రసంగాన్ని మాత్రమే ఉంచే గ్రంథాలయాలు సగం సభను పారేస్తున్నాయి.

ఈ పనిని వృత్తిగా చేసినవారు లేకపోలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1931లో ఏర్పడిన కవిత్వ గ్రంథాలయం రెండేళ్లలోనే కవుల గొంతులను రికార్డు చేయడం మొదలుపెట్టింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1943లో కవులు, రచయితలు తమ రచనలు చదివిన రికార్డింగుల భాండాగారం ప్రారంభించింది. అదే సంస్థ ఢిల్లీ కార్యాలయం 2000 సంవత్సరంలో దక్షిణాసియా రచయితల గొంతులను రికార్డు చేసే పని చేపట్టింది. వారిలో తెలుగు రచయితలూ ఉన్నారు. ఈ ప్రయత్నాలన్నిటిలో నాకు నచ్చే సుగుణం ఒక్కటే. గొంతును గ్రంథపాలకుల చేతికి అప్పగించారు, పుస్తకానికి చేసే మర్యాదే దానికీ చేశారు.

ఆ మర్యాద జరగని చోట ఏమవుతుందో టేపుల కథ చెబుతుంది. 1970, 80 దశకాల్లో తయారైన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంత పొరను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని మెత్తబడుతుంది. అలాంటి రీలు తిప్పితే యంత్రం తలకు బంక అంటుకుంటుంది, టేపు కీచుమంటూ ఆగిపోతుంది. వాటిని సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఆరబెడితే జిగురు తాత్కాలికంగా గట్టిపడుతుంది. ఆ వ్యవధిలోనే నకలు తీసుకోవాలి. టేపు బాగున్నా తిప్పే యంత్రాలు, వాటిని మరమ్మతు చేసే చేతులు కరువైపోతున్నాయి. 2025 నాటికి డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో చాలావరకు చేజారిపోతాయని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే హెచ్చరించింది. ఆ గడువు వచ్చేసింది. బీరువా అడుగున పేరు లేని క్యాసెట్లు ఉన్న గ్రంథాలయం ఏదైనా వాటిని ఈ ఏడాదే బయటికి తీయాలి.

డిజిటల్‌కి మారితే బెంగ తీరిందనుకోవడం పొరపాటు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగాక బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేవలు నెలల తరబడి నిలిచిపోయాయి. అంత పెద్ద సంస్థకే ఆ పరిస్థితి వస్తే, అసలు ఫైలు తన దగ్గర ఉంచుకోకుండా వీడియో వేదిక మీదే భారం వేసిన చిన్న గ్రంథాలయం సంగతి ఆలోచించండి. ఖాతా సంకేతపదం తెలిసిన ఉద్యోగి బదిలీ అయినా చాలు, తాళం పోయినట్టే. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే భవనంలో ఉండాలన్నది ఈ రంగంలో పాత పాఠం.

ఖర్చు మాట తప్పక వస్తుంది. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం సూచించే కనీస ప్రమాణంలో, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి ఒక్కో కొలతను 24 బిట్లలో రాసే లెక్కన, కుదించని స్టీరియో ధ్వని గంటకు సుమారు ఒక గిగాబైటు. వారానికొక గంట ఉపన్యాసం చొప్పున ఏడాది పొడవునా రికార్డు చేసినా ధ్వని అంతా జేబులో పట్టే డిస్కులో ఇమిడిపోతుంది. వీడియో దీనికి ఎన్నో రెట్లు అడుగుతుంది, నిజమే. బొమ్మ కొంత మసకబారినా సర్దుకోవచ్చు, ధ్వని విషయంలో మాత్రం రాజీ కూడదు.

నిజంగా ఖరీదైనది మనిషి సమయం. గంట ప్రసంగంలో వేల మాటలు దొర్లుతాయి. వాటిని అక్షరబద్ధం చేస్తేనే వెతుక్కునేవారికి దొరుకుతాయి, వినికిడి లేనివారికి అందుతాయి. ఇప్పుడు కంప్యూటరు ఆ పనిని నిమిషాల్లో చేస్తోంది కదా అంటారు. చేస్తోంది, కానీ తప్పులు పడేది సరిగ్గా పడకూడని చోట. మామూలు మాటలను బాగానే పట్టుకుని మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, పాత కొలతలు, బిరుదులు, శాసనాల్లోని మాటల దగ్గర యంత్రం తడబడుతుంది. చరిత్ర ఉపన్యాసం నిలబడేది వాటి మీదే. అందుకే యంత్రం ఇచ్చిన ప్రతిని ఒక మనిషి విని దిద్దాలి. మొత్తం దిద్దే తీరిక లేకపోతే పేర్లు, సంవత్సరాలు మాత్రమైనా సరిచూసి, ఏ నిమిషంలో ఏ విషయం వచ్చిందో పుస్తకం చివరి పదసూచికలా చిన్న పట్టిక వేసినా చాలు. గంటన్నర వీడియోలో తనకు కావలసిన నాలుగు నిమిషాలు ఎక్కడున్నాయో తెలియక వదిలేసే విద్యార్థికి ఆ పట్టికే తలుపు.

అనుమతుల విషయంలో మొహమాటం పనికిరాదు. మాట మీద హక్కు వక్తది, రికార్డింగు మీద హక్కు దాన్ని తయారుచేసినవారిది. ఎక్కడ ఉంచుతారు, ఎంతకాలం ఉంచుతారు, అచ్చు కాని రచన చదివితే ఆ భాగాన్ని ఏం చేస్తారు అన్నవి వేదిక ఎక్కకముందే కాగితం మీద రాసుకోవాలి. శ్రోతలకూ రికార్డింగు జరుగుతోందని ముందే చెప్పాలి. ఇక వక్త చెప్పినదాంట్లో తప్పు ఉందని తర్వాత తేలితే? కొందరు ఆ ముక్కను చడీచప్పుడు లేకుండా తీసేస్తున్నారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. తేదీ వేసి సవరణ కింద రాయండి, రికార్డింగును ముట్టుకోకండి. ఫలానా సంవత్సరంలో ఒక పండితుడు ఇలా అనుకున్నాడన్నది కూడా రేపటి చరిత్రకారుడికి ఆధారమే.

ఇవన్నీ ఒక్క రోజులో అయ్యేవి కావు. అయితే కొన్నిటికి పైసా ఖర్చు లేదు. రికార్డింగు మొదట్లో ఒకరు మైకు ముందుకు వచ్చి తేదీ, స్థలం, వక్త పేరు, విషయం చెప్పడానికి పదిహేను సెకన్లు చాలు. ఫైలు పేరు మారిపోయినా ఆ గొంతు మారదు. ప్రశ్న అడిగినవారి దగ్గరికి మైకు వెళ్లకపోతే వక్త ఆ ప్రశ్నను తన మాటల్లో మళ్లీ చెప్పి జవాబివ్వాలి. సభాధ్యక్షులు ముందే ఆ సంగతి గుర్తుచేస్తే సరిపోతుంది.

ఆ కరువు ఉపన్యాసం గురించి ఉండబట్టలేక గ్రంథాలయానికి ఉత్తరం రాశాను. మర్యాదగా, ఓపికగా జవాబిచ్చారు. సభకు వచ్చినవారి సంతకాల పుస్తకం ఉందట, తీసి చూశారట. ఆ రోజు నలభై మూడు సంతకాలు ఉన్నాయి. వాటిలో ఆ పెద్దాయనది ఏదో అక్కడ ఎవరికీ గుర్తు లేదు.