"ఎంత ఓపికో!" అనే ముందు ఆ గుడ్డ మీద ఏముందో చదవండి

పాతకాలపు ఇంగ్లిష్ శాంప్లర్ ఫొటో ఎవరైనా పెడితే చాలు, కింద కామెంట్లన్నీ ఒకే రకం. "ఎనిమిదేళ్ల పిల్ల కుట్టిందంటే నమ్మలేం", "అబ్బ, ఎంత ఓపికో!", "ఈ కాలం పిల్లలు ఫోన్ వదిలితే కదా". ఇవి చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ పిల్లను పొగుడుతున్నామనుకుంటూ ఆమె కుట్టిన దాంట్లో ఒక్క ముక్క కూడా చదవరు.

శాంప్లర్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. నారగుడ్డ మీద పట్టుదారంతోనో ఉన్నితోనో కుట్టిన అక్షరాలు, అంకెలు, ఒక భక్తి పద్యం, చుట్టూ పూలతీగ, చివర్లో పేరు, వయసు, సంవత్సరం. మొదట్లో ఇది పిల్లల పని కాదు. ఆడవాళ్లు కుట్టు నమూనాలు మర్చిపోకుండా గుడ్డ మీద కుట్టి దాచుకునేవారు. తేదీ ఉన్న ఇంగ్లిష్ శాంప్లర్లలో మనకు తెలిసినంతలో పాతది జేన్ బోస్టాక్ 1598లో కుట్టింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 1596లో ఆలిస్ లీ అనే పాప పుట్టిన తేదీ కూడా అందులో కుట్టి ఉంది. 18వ శతాబ్దం వచ్చేసరికి ఇది బడిలో ఆడపిల్లల పాఠమైపోయింది.

ఎందుకు పాఠమైంది? పెద్ద ఇళ్లలో దుప్పట్లు, తువ్వాళ్లు, టేబుల్ గుడ్డలు డజన్ల లెక్కన ఉండేవి. ఉతికి ఆరేశాక ఒకరివి ఒకరివాటిలో కలిసిపోకుండా, ప్రతిదాని మూలనా ఆ ఇంటివాళ్ల పొడి అక్షరాలు, ఒక నంబరు క్రాస్ స్టిచ్‌తో, అంటే ఇంటూ గుర్తుల్లా వేసే కుట్టుతో, వేయాలి. ఉన్నవాళ్లింట్లో ఆ పని చేసేది పనికి చేరిన అమ్మాయే. అంటే పేదింటి పిల్ల అక్షరాలు కుట్టడం నేర్చుకున్నది, పరాయివాళ్ల దుప్పటి మీద పరాయివాళ్ల గుర్తు వేయడానికి. బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ పెట్టిన అనాథాశ్రమం పిల్లల శాంప్లర్లు ఎప్పుడైనా చూడండి. తెల్లగుడ్డ నిండా ఎర్రదారంతో చీమల బారుల్లా సన్నటి అక్షరాలు, అంకెలు, అంచుల నమూనాలు. ఇళ్లలో పనికి వెళ్లబోయే పిల్లకు అదే సర్టిఫికెట్. దాన్ని ఓపిక అంటే ఎలా? వద్దనే వీలున్నవాళ్లు కూర్చుని చేస్తే అది ఓపిక. ఇష్టంగా కుట్టిన పిల్లలే లేరని నేను అనను. కానీ ఇష్టమా అని వాళ్లను ఎవరు అడిగారు?

రాత సంగతి ఇంకా ఘోరం. అప్పటి బళ్లలో చదవడం ఒక పాఠం, రాయడం వేరే పాఠం. రాతకు చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాలి. ఆడపిల్లకు, అందులోనూ కూలివాడి కూతురికి, చదవడం, కుట్టడం వస్తే చాలనుకున్నారు.

ఎలిజబెత్ పార్కర్ అలాంటి ఇంట్లోనే పుట్టింది. 1813, ససెక్స్‌లో ఆష్‌బర్నమ్ అనే ఊరు. నాన్న అక్కడి జమీందారు దగ్గర కూలి, అమ్మ ఆ దొరసాని పేదపిల్లల కోసం పెట్టిన బడి నడిపేది. ఇంటినిండా పిల్లలు. ఈమెను పదమూడేళ్లకే పనికి పంపారు. 1830 ప్రాంతంలో ఒక నారగుడ్డ మీద ఎర్ర పట్టుదారంతో కుట్టడం మొదలుపెట్టింది. నాకు రాయడం రాదు కాబట్టి, మనసు విప్పి చెప్పుకోగల మనిషితో మాట్లాడినట్టు ఇక్కడ పెడుతున్నాను అంటుంది. పువ్వు లేదు, పిట్ట లేదు, అంచు లేదు. పని చేసిన ఒక ఇంట్లో యజమాని ఎంత క్రూరంగా చూశాడో, అతని దుర్బుద్ధి నుంచి తప్పించుకోబోతే తనను మెట్ల మీద నుంచి ఎలా తోసేశారో కుట్టింది. చచ్చిపోవాలనిపించిందనీ, అది మహాపాపమని వణికిపోయాననీ కుట్టింది. ఆ యజమాని పేరు మాత్రం పూర్తిగా వేయలేదు, ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టింది. దొరల దుప్పట్ల మీద గుర్తు వేయడానికి నేర్పిన కుట్టుతోనే దొర చేసిన పనిని గుర్తు వేసి పెట్టింది! "నా ఆత్మ ఏమైపోతుందో" అన్నచోట కుట్టు ఆగిపోయింది. కింద గుడ్డ ఇంకా ఖాళీగానే ఉంది.

నన్నడిగితే అది ఆత్మకథ. ఒక పనిపిల్ల ఇచ్చిన వాంగ్మూలం. సాహిత్యం క్లాసులో చెప్పాల్సిన దాన్ని హస్తకళల కింద చూపించి "ఎంత ముచ్చటగా కుట్టిందో" అనడం నాకు మింగుడు పడదు. ఆమె చనిపోలేదు కూడా. తర్వాత ఆష్‌బర్నమ్‌లోనే బడిపంతులమ్మ అయి, 1889 దాకా బతికింది. ఈ మాట తెలిసినప్పుడు నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

వేలంపాటల్లో విలువ మాత్రం అందానికే. 1807లో న్యూజెర్సీలో మేరీ ఆంట్రిమ్ అనే అమ్మాయి కుట్టిన శాంప్లర్ 2012లో న్యూయార్క్‌లో పది లక్షల డాలర్లు దాటింది. కొనుక్కోనివ్వండి, చాలా అందమైన పనే.

ఆ పిల్లలకు దక్కినది ఒక్కటుంది. గుడ్డ మీద పేరు మిగిలింది. మన గోదావరి వైపు చూడండి. 1840లలో స్కాట్లండ్ మిషనరీలు నరసాపురం ప్రాంతపు ఆడవాళ్లకు లేసు అల్లడం నేర్పారు. తరాల తరబడి ఆ లేసు విదేశాలకు వెళ్లింది, అల్లినామె పేరు ఏ ముక్క మీదా వెళ్లలేదు. మన ఇళ్లలో మ్యాటీ గుడ్డ మీద క్రాస్ స్టిచ్‌తో కుట్టి ఫ్రేము కట్టించిన చిలకలు, కుక్కపిల్లలు కూడా అంతే. అమ్మమ్మ కుట్టిందో, పెద్దత్త కుట్టిందో చెప్పగలిగిన చివరి మనిషి పోతే ఇక అది ఉత్త చిలక బొమ్మే. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఈ ఆదివారం దింపి, ఎవరు కుట్టారో, ఏ ఊళ్లో, ఎన్నో ఏట కుట్టారో ఫ్రేము వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసి పెట్టండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లకు ఇప్పుడే ఫోన్ చేసి అడగండి.