ర్యాంకులు లేని స్కూలుపై ఒక పౌరుడి అభ్యంతరం

నెల్లూరు పౌరులు వెంటనే కలగజేసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఊరి చివర ఒక చిన్న ఇంటర్నేషనల్ స్కూలు నడుస్తోంది. తరగతికి పదిమందికి మించి చేర్చుకోరట. పైగా చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో కాస్త తడబడే పిల్లల్ని రమ్మని మరీ తీసుకుంటారట. సరే, తీసుకున్నాక కనీసం తిట్టాలి కదా? అదీ లేదు.

మన జిల్లాలో ఇంటర్నేషనల్ అనిపించుకోవడానికి గేటు దగ్గర సిమెంటు గ్లోబు, యూకేజీ పిల్లాడి మెడలో టై ఉంటే చాలు. దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. ఈ స్కూలుకు మాత్రం ఆ బోర్డు ఇంకో రకంగా పనికొస్తోంది. పెళ్లిలో పెద్దమ్మ ఎదురై "మీవాడు యాడ చదువుతున్నాడబ్బయా?" అంటే "ఇంటర్నేషనల్ పెద్దమ్మా" అనొచ్చు. "అబ్బో, ఫీజెంత?" అంటుంది. చెప్పాక ఆమె ఇంకేమీ అడగదు. అదే "వాడికి అక్షరాలు తారుమారవుతాయి, స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర చదువుతున్నాడు" అని చెప్పి చూడండి. భోజనాలు అయ్యేలోపు ఆ కబురు వాడి అక్కకు వచ్చిన సంబంధం వాళ్ల దాకా పోతుంది.

లోపల జరిగేది ఇంకా ఘోరం. డిస్లెక్సియాకూ, అంటే చదవడం, రాయడం దగ్గర వచ్చే తడబాటుకూ, తెలివితక్కువతనానికీ సంబంధం లేదని వాళ్ల వాదన. పిల్లాడు పాఠం వింటాడు, అడిగితే నోటితో జవాబు చెబుతాడు, కాగితం చేతికిస్తేనే తంటా. అందుకని పాఠం చదివి వినిపిస్తారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు. బోర్డు మీదున్నది రాసుకోవడం ఆలస్యమైతే ఆగుతారు. ఆగడమేమిటండీ! జూన్‌లో మొదలెట్టిన సిలబస్ సంక్రాంతి లోపు చుట్టేసి, మిగతా రోజులు పరీక్షల మీద పరీక్షలు పెట్టే ఊరు మనది. ఆరో తరగతి వాడి బ్యాగులో ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు మోయించే ఊరు. ఇక్కడ ఒక టీచరు ఒక పిల్లాడి కోసం ఆగితే మిగతా వాళ్లకు ఎంత చెడ్డ అలవాటు!

తరతరాలుగా మనకో పద్ధతి ఉంది. మొదట "తెలివుంది గానీ బద్ధకం" అంటాం. తర్వాత ట్యూషన్. ఆ తర్వాత పక్కవీధిలో ఇంకో ట్యూషన్. దానికీ లొంగకపోతే హాస్టల్. హాస్టల్ వాళ్లు కూడా చేతులెత్తేస్తే మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ ఉండనే ఉంది. స్వర్ణాల చెరువులో దిగి చదువు రావాలని మొక్కుకుని విద్యా రొట్టె పట్టుకుంటాం, కోరిక తీరితే మరుసటేడు వచ్చి రొట్టె వదులుతాం. ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు కాబట్టి ఆ నీళ్లలో నిలబడటానికి కూడా ఓపిక కావాలి. అంత ఓపికా మనకుంది. పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని "ఏది కష్టంగా ఉందిరా?" అని అడగడం మాత్రం మన ఆచారంలో లేదు.

చట్టం తమ వైపుందని ఆ స్కూలు వాళ్ల ధీమా. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం చేరేటప్పుడు పిల్లలకు, తల్లిదండ్రులకు పరీక్ష పెట్టకూడదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో చదువులో వచ్చే ఈ ఇబ్బందులూ ఉన్నాయి. వాటిని బడిలోనే వీలైనంత తొందరగా గుర్తించి, తగినట్టు బోధించాలని కూడా ఉంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. కావచ్చు. చట్టాలు ఢిల్లీలో చేస్తారు, ఎల్‌కేజీ ఎంట్రన్స్ టెస్టు ఇక్కడ జరుగుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆ స్కూలును మెచ్చుకోవాలి, ఫీజు. ఆ ఫీజు పుణ్యాన ఊళ్లో ఒక క్రమం నిలబడింది. కట్టగలిగిన ఇంటి పిల్లాడికి డిస్లెక్సియా. ఉదయగిరి వైపు సర్కారు బడిలో అవే అక్షరాల దగ్గర ఆగిపోయేవాడు మొద్దు. వీడికి స్పెషల్ ఎడ్యుకేటర్, వాడికి మేకల మంద. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రాలు ఉన్నాయి కదా అని అధికారులు అంటారు. ఉన్నాయి. కానీ చెట్లెక్కి దూకేవాణ్ని, అంగట్లో చిల్లర పైసాతో సహా లెక్కచూసుకుని తెచ్చేవాణ్ని అక్కడికి తీసుకెళ్లాలని ఎవరికి తోస్తుంది? వాడికి రోగమేమిటంటారు. పదో తరగతి తప్పాక ఆ ప్రశ్న కూడా ఉండదు, పనికి పోయే చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తెలుగు వాచకం అప్పజెప్పమని ఎవరూ అడగరు.

అలాగని స్కూలు మూయించమని నేను కోరను. తెలిసినవాళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు అందులో ఉన్నారు. ఎవరో చెప్పను, వాళ్లూ చెప్పరు. నేను కోరేదల్లా ఫలితాల రోజు వాళ్లు కూడా అందరిలా ట్రంకు రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టాలని. మార్కులు లేకపోతే "మా పిల్లాడు ఈ ఏడు ఒక కథ మొత్తం తనే చదివాడు" అని ఫోటోతో వేయొచ్చు. అంత మాటకు ఫ్లెక్సీ దండగ అనేవాళ్లు ఉంటారు. నిరుడు ఒక ర్యాంకుల ఫ్లెక్సీ మీద "మా విద్యార్ధులకు అభినందనలు" అని గజమంత అక్షరాల్లో వేశారు, థ ఉండాల్సిన చోట ధ పెట్టి. నెలంతా అలాగే ఉంది. వేసినాయనను ఎవరూ మొద్దు అనలేదు, ఇంకో ట్యూషన్‌కు పొమ్మనలేదు. ఈ ఏడు ఆర్డరు కూడా ఆయనకే ఇచ్చారు.